ఆదివారం ఒక్క ఉదయం ఆట పాత సినిమాకివ్వండి

సంపాదకులకు,

నమస్కారం. పాత సినిమాలు మళ్లీ హాళ్లకొస్తున్న తీరు మీద ఈమధ్య చాలా వార్తలు చదువుతున్నాం. 2022 ఆగస్టులో 'పోకిరి'తో ఊపందుకున్న వరస ఇంకా ఆగలేదు. 2023 మే 31న కృష్ణ గారి జయంతికి 'మోసగాళ్లకు మోసగాడు' 4కేలో మళ్లీ వేశారు. 1971 నాటి సినిమా అది. ఫోనులో దొరికే సినిమాల కోసం జనం డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుంటున్నారంటే నలుగురి మధ్య కూర్చుని చూడాలనే ఆశ వాళ్లలో చావలేదన్నమాట. ఆ ఆశని మనవాళ్లు హీరోల పుట్టినరోజులకి కట్టిపడేశారు. ఒకటి రెండు రోజులు కాగితాలు, ఈలలు, డప్పులు. కొన్నిచోట్ల హాల్లోనే బాణసంచా కాల్చి సీట్లు తగలబెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లని, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే ఆటలు కావవి.

నేను అడిగేది వేరు. ప్రతి ఊళ్లో కనీసం ఒక సింగిల్ స్క్రీన్ హాలు ఆదివారం మార్నింగ్ షోని పాత సినిమాకి కేటాయించాలి. ఎవరి పుట్టినరోజుతోనూ పని లేకుండా, ఏడాది పొడవునా. ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఒకప్పుడు చాలా హాళ్లలో కొత్త సినిమా మ్యాట్నీ నుంచి ఆడేది, ఉదయం పూట తక్కువ రేటుకి పాతది వేసేవారు. విజయా సంస్థ వారి సినిమాలు మా తరం చూసింది అవి విడుదలైనప్పుడు కాదు, ఆ ఉదయం ఆటల్లోనే.

మాది తెనాలి. విజయా సంస్థ నిర్మాత చక్రపాణి గారిది ఈ ఊరే. కృష్ణ గారి బుర్రిపాలెం, జగ్గయ్య గారి మోరంపూడి, గుమ్మడి గారి రావికంపాడు అన్నీ ఈ చుట్టుపక్కలవే. సినిమాకి ఇంతమందినిచ్చిన చోట 'మిస్సమ్మ'ని గానీ 'గుండమ్మ కథ'ని గానీ పెద్ద తెర మీద చూసిన పాతికేళ్ల కుర్రాడు నాకింతవరకు తగల్లేదు. టీవీలో అందరూ చూశారు, ప్రకటనల మధ్య ముక్కలుముక్కలుగా. సూర్యకాంతం గారు నోరు విప్పగానే ముందు వరసలో మొదలైన నవ్వు బాల్కనీ దాకా పాకడం, ఆ గోలలో తర్వాతి మాట వినపడక పక్కవాణ్ణి అడగడం వాళ్లెవరూ ఎరగరు.

హాళ్ల వాళ్ల కష్టాలు తెలియక రాయడం లేదు. 2024 మేలో కొత్త సినిమాలు లేవు, ఖర్చులూ రావడం లేదని తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు పది రోజులు మూశారు. మరుసటి ఏడాది మేలో హాలుకి ఇంత అని అద్దె కట్టే పద్ధతి పోయి వసూళ్లలో వాటా (పర్సంటేజీ) రావాలని, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామని హాళ్లు నడిపే ఎగ్జిబిటర్లు పట్టుబట్టారు. వాళ్ల బాధ న్యాయమైనదే. పెద్ద సినిమా నెల తిరిగేసరికి ఓటీటీకి వెళ్లిపోతుంటే మిగిలిన రోజుల్లో ఏం వేసుకుంటారు? మొన్న మా దగ్గర ఒక హాలుకి చిన్న సినిమా చూద్దామని వెళ్తే "పదిమంది అయితేనే వేస్తామండీ, కాసేపు కూర్చోండి" అన్నారు బుకింగ్ దగ్గర. అంతమంది రాలేదు, డబ్బు వెనక్కిచ్చి పంపేశారు. అలా ఖాళీగా పోయే వేళనే కదా నేను అడుగుతున్నది! పైగా వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతమైంది. తక్కువ రేటు ఆటకి ఇంతకన్నా మంచి సమయం లేదు.

హక్కుల మాటకొస్తే, మన చట్టంలో సినిమా కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1964 దాకా వచ్చిన సినిమాలకి ఆ గడువు తీరిపోయింది. కానీ హక్కు తీరినంత మాత్రాన ప్రింటు చేతికి రాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. రీళ్లు తిప్పే ప్రొజెక్టర్లు ఇప్పుడు హాళ్లలో దాదాపు లేవు, మంచి డిజిటల్ కాపీ ఉండాలి. యూట్యూబు నుంచి దించి వేస్తే అంత తెర మీద ముఖాలు అలుక్కుపోతాయి. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి పాత సినిమాల్ని కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ, పుణె జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌తో కలిసి 'దేవదాసు', 'మాయాబజార్' సహా పది సినిమాలు వేసింది. నగరాల్లో, మల్టీప్లెక్సుల్లో, మూడు రోజులు. అవే కాపీలు జిల్లా హాళ్లకి ఎందుకు రాకూడదు?

ఈ పని రెండు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలు తలకెత్తుకోవాలి. కేరళ సంస్థ తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ అని సొంత హాళ్లే నడుపుతోంది. మనవాళ్లని హాళ్లు కట్టమని నేను అడగను. ఆర్కైవ్‌తో, నిర్మాతల కుటుంబాలతో మాట్లాడి ఏటా యాభై సినిమాలకి మంచి కాపీలు చేయించి నామమాత్రపు అద్దెకి హాళ్లకిస్తే చాలు.

ఎవరు వేసినా ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ కాలపు బొమ్మ వెడల్పు, ఎత్తుకి 1.37 రెట్లే, దాదాపు చదరం. ఇప్పటి వెడల్పాటి స్కోపు తెర నిండాలని అడ్డంగా లాగితే మనుషులు పొట్టిగా, లావుగా అయిపోతారు. పైనా కిందా కోస్తే నుదుళ్లు పోతాయి. నృత్యం చేస్తుంటే పాదాలు కనపడవు! ఆ కెమెరామన్లు ఒక్కో దీపం ఎక్కడ పెట్టాలో చూసుకుని తీసిన బొమ్మని అలా కత్తిరించడం నేను కళ్లారా చూశాను, చాలా బాధేసింది. తెరకి రెండు పక్కలా నల్లగా వదిలేసి ఉన్న కొలతలోనే వేయమని క్యాబిన్‌లో ఆపరేటరుకి చెప్పడానికి పైసా ఖర్చు లేదు.

నెలలో ఒక ఆదివారం హాళ్లు దొరకని చిన్న సినిమాకిచ్చినా సంతోషమే.

మీ పత్రికకీ ఒక విన్నపం. ఏ ఊళ్లో ఏ హాల్లో ఏ సినిమా ఆడుతోందో జిల్లా పేజీలో వేసే అలవాటు ఉండేది. నా వయసు వాళ్లలో చాలామందికి ఫోనులో బుకింగ్ చేతకాదు. హాలు యజమానులెవరైనా ముందుకొస్తే శనివారం పేజీలో సినిమా పేరు, హాలు, ఆట వేళ, టికెట్టు ధర అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి