ఛార్జర్ మీది, బిగించింది మీ డీలరు: కాలిన వైరింగ్‌కు వారంటీ ఎందుకివ్వరు?

తేదీ: 2025 మే 12
తుంగతుర్తి మండలం, సూర్యాపేట జిల్లా, తెలంగాణ

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ డీలర్ బిగించిన మొబైల్ ఛార్జింగ్ పోర్టు వల్ల స్కూటర్ వైరింగ్ కాలిపోవడం, వారంటీ ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

ఫిబ్రవరి 24 సాయంత్రం ఆరున్నరకు, ఊరికీ ఊరికీ మధ్య, నేను నడుపుతున్న మీ కంపెనీ స్కూటర్ ముందు భాగంలోంచి పొగ వచ్చింది. బండి కొని అప్పటికి ఐదు నెలలు కూడా నిండలేదు. దీని గురించి మీ కాల్ సెంటర్‌కు రెండుసార్లు ఫిర్యాదు చేశాను. రెండుసార్లూ "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ పంపి మూసేశారు. నాతో ఎవరూ మాట్లాడలేదు, బండినీ ఎవరూ చూడలేదు. అందుకే జరిగినదంతా వివరంగా రాస్తున్నాను. దయచేసి పూర్తిగా చదవండి.

నేను గోపాలమిత్రను. ఊళ్ళు తిరిగి ఆవులకు, బర్రెలకు కృత్రిమ గర్భధారణ సూదులు వేయడం నా పని. స్కూటర్ మీద కాళ్ళ దగ్గర, వీర్యం నింపిన సన్నని గొట్టాలను (స్ట్రాలు) చల్లగా ఉంచే మూడు లీటర్ల ద్రవ నైట్రోజన్ క్యాను, జేబులో ఫోను ఉంటే నా పని నడుస్తుంది. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ రోజు ఇంట్లో కూర్చోవాల్సిందే. బర్రె ఎదకు వచ్చిందని రైతు ఫోన్ చేస్తాడు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయాలి. ఆ పూట దాటితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. సూది వేశాక పశువు చెవికున్న 12 అంకెల ట్యాగు నంబరుతో భారత్ పశుధన్ యాప్‌లో అక్కడికక్కడే వివరాలు ఎక్కించాలి. పొద్దంతా డేటా, ఫోన్ కాల్స్, వీటికి తోడు సిగ్నల్ సరిగా అందని ఊళ్ళు. మధ్యాహ్నం రెండింటికల్లా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేది.

అందుకే నిరుడు కొత్త బండి కొన్నప్పుడు ఛార్జింగ్ పోర్టు కావాలని అడిగి మరీ పెట్టించుకున్నాను. బయట మూడు వందలకు దొరికేది కూడా నాకు తెలుసు. కంపెనీ వస్తువు అయితే నమ్మకంగా ఉంటుంది, వారంటీకి ఇబ్బంది రాదు అన్న ఒకే ఒక్క ఆలోచనతో మీ యాక్సెసరీల జాబితాలో ఉన్నదే తీసుకున్నాను. 2024 అక్టోబర్ 11న, దసరా ముందు రోజు, జిల్లా కేంద్రంలోని మీ అధీకృత డీలర్ దగ్గర బండి తీసుకున్నాను. పోర్టుకు రూ.1,350, బిగింపుకు రూ.250 అని బండి బిల్లులోనే ఉంది. ఆ రోజు షోరూమ్ నిండా జనం, వరసగా డెలివరీలు. బిగించే అబ్బాయికి అన్నం తినే తీరిక కూడా లేదు. అతని మీద నాకు కోపం లేదు. అంత హడావిడిలో చేసిన పనిని బండి ఇచ్చే ముందు ఇంకొకరు ఎందుకు చూడలేదన్నదే నా ప్రశ్న.

వారం తిరక్కముందే మా పాప ఒక సంగతి పట్టుకుంది. రాత్రి వాకిట్లో బండి ఆపి తాళం తీసుకున్నాక కూడా పోర్టు చుట్టూ నీలం లైటు వెలుగుతూనే ఉంది. నవంబర్‌లో మొదటి సర్వీసుకు వెళ్ళినప్పుడు ఈ మాట చెప్పి జాబ్ కార్డులో రాయించాను. "తాళం తీసినా ఛార్జర్ లైటు ఆగడం లేదు" అని వాళ్ళ చేతిరాతతోనే ఉంది. ఎదురుగా "ఓకే" అని రాసి బండి ఇచ్చేశారు. అడిగితే, "ఆ చిన్న లైటుకు ఏం కరెంటు పోతుంది సార్" అన్నారు.

ఏం పోతుందో సంక్రాంతికి తెలిసింది. ఐదు రోజులు బస్సులో అత్తగారి ఊరికి వెళ్ళొచ్చేసరికి బండి స్టార్ట్ కాలేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కదా, బ్యాటరీ పూర్తిగా పడిపోయాక కిక్ ఎన్నిసార్లు కొట్టినా ఇంజిన్ అందుకోలేదు. డీలర్ దగ్గర బ్యాటరీ ఛార్జ్ చేసి పంపారు. ఫిబ్రవరి మొదటి వారంలో మూడు రోజులు జ్వరంతో పడుకుంటే మళ్ళీ అదే పరిస్థితి. ఈసారి మా మండలంలోని ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించాను. తాళం తీసి ఉంచి మీటరు పెడితే 20 మిల్లీ ఆంపియర్లు చూపించింది. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపాడు. 24 గంటలకు 0.48 ఆంపియర్ అవర్లు. నా బండి బ్యాటరీ మొత్తం నాలుగు ఆంపియర్ అవర్లు. ఐదు రోజులు ఊరికే నిలబడితే సగానికి పైగా దిగిపోతుంది. అప్పటికే ఒకసారి పూర్తిగా పడిపోయి దెబ్బతిన్న బ్యాటరీకి మూడు రోజులు చాలు. "పోర్టు వైరును నేరుగా బ్యాటరీకి కలిపారు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు కలపాలి. అరగంట పని, మార్చేయనా?" అని అడిగాడు.

నేను వద్దన్నాను. ఎందుకంటే జనవరిలో మీ సర్వీస్ అడ్వైజర్ నాకు గట్టిగా చెప్పాడు: "బయటివాళ్ళు వైరింగ్ మీద చెయ్యి పెడితే వారంటీ పోతుంది." ఆ మాటకు కట్టుబడి, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం పట్టుకుని ఫిబ్రవరి 6న మళ్ళీ డీలర్ దగ్గరికే వెళ్ళాను. ఆ కాగితం పక్కన పెట్టేశారు. బ్యాటరీ బలహీనపడిందని చెప్పి రూ.1,480కి కొత్తది వేశారు. పోర్టు వైరును ముట్టుకోలేదు. ఆ రోజు ఆ ఒక్క వైరు మార్చి ఉంటే నేను ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

ఇక ఫిబ్రవరి 24. ఆ పొద్దున ఐదున్నరకు ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆమెకున్నవి రెండే బర్రెలు. అందులో ఒకటి ఈని ఐదు నెలలైనా మళ్ళీ ఎదకు రాలేదని చాలా రోజులుగా బాధపడుతోంది. "రాత్రంత ఒర్లుడే బిడ్డా, ఎదకొచ్చినట్టుంది, మాపటికి వస్తవా?" అంది. సాయంత్రం వస్తానని మాటిచ్చాను. ఆ మాట విలువ పశువుల సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరాక బర్రెల్లో ఎద సరిగా బయటపడదు. ఫిబ్రవరి చివర్లో వచ్చిన ఎదను వదులుకుంటే పోయేది ఒక్క 21 రోజులే అని అనుకోవడానికి లేదు, మళ్ళీ చల్లబడే దాకా ఎదురుచూడాల్సి రావచ్చు.

సాయంత్రం ఆరున్నర కావస్తుండగా ఫోన్లో ఆరు శాతం ఉంది. పోర్టుకు తగిలించి ఆ ఊరికి బయలుదేరాను. రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి ప్లాస్టిక్ మాడిన వాసన. ముందు పొలంలో ఏదో కాలుస్తున్నారనుకున్నాను. హ్యాండిల్ కిందినుంచి పొగ చూసి బండి ఆపి, తాళం తీసేశాను. అయినా పొగ ఆగలేదు. నేరుగా బ్యాటరీకి కలిపిన వైరు తాళం తీస్తే ఎందుకు ఆగుతుంది? క్యాను దించి దూరంగా పెట్టి, సీటు లేపి, కటింగ్ ప్లేయరుతో బ్యాటరీ వైరు పీకేశాను. ఆ సీటు కిందే పెట్రోల్ ట్యాంకు కూడా ఉంది. నైట్రోజన్ దానంతటది మండేది కాదు కానీ, ఆ వేడికి క్యాను దెబ్బతింటే మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన స్ట్రాలన్నీ పాడవుతాయి. ఆ నిమిషంలో నా చేతులు ఎలా వణికాయో ఇప్పటికీ గుర్తుంది. ఫోను ఆగిపోయింది. చీకటి పడింది. బండి తోసుకుంటూ రోడ్డెక్కేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. పెద్దమ్మ నాకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో మర్నాడు ఫోన్ ఛార్జ్ అయ్యాక చూశాను.

మర్నాడు మా బావమరిది బండి తీసుకుని వెళ్ళేసరికి పదకొండు. ఎద చల్లారిపోయింది. ఈ రోజుకు ఆ బర్రె మళ్ళీ ఎద చూపలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "బండి కాలితే నువ్వేం జేస్తవ్ బిడ్డా" అంది. నాకు మాత్రం ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

మీ డీలర్ దగ్గర ముందు ప్యానెల్ నా ఎదుటే విప్పారు. పోర్టు ఎర్ర వైరు హ్యాండిల్ మెడ దగ్గర ఇనుప అంచుకు ఆనుకుని వెళ్ళింది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ రాసుకుని పైతొడుగు అరిగి, లోపలి రాగి ఛాసిస్‌కు తగిలింది. వైరుకు ఫ్యూజు లేదు. దాంతో షార్టయిన వైరు ఎర్రగా కాలి, పక్కనున్న అసలు వైరింగ్ కట్టను కూడా కరిగించింది. ఈ సంగతులు నేను కనిపెట్టినవి కావు. మీ టెక్నీషియనే వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. అదే రోజు నా టూల్ కిట్ సంచిలో ఒక చిన్న పాలిథిన్ కవరు బయటపడింది. అందులో పోర్టుతో పాటు వచ్చిన ఫ్యూజు, దాని హోల్డరు సీలు కూడా విప్పకుండా ఉన్నాయి. పెట్టెలో వచ్చిన మీ కంపెనీ కాగితం మీద బొమ్మతో సహా ఉంది: తాళం లైను నుంచి కరెంటు తీసుకోవాలి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. మీ కంపెనీ చెప్పిన రెండు జాగ్రత్తలనూ మీ డీలరే వదిలేశాడు.

ఇన్ని కళ్ళతో చూశాక కూడా మేనేజర్ రిపోర్టులో ఏం రాశారంటే, "బయటి వైరింగ్ కారణంగా షార్ట్ సర్క్యూట్, వారంటీ వర్తించదు." బయటి వైరింగ్ అంటే ఎవరిది? వస్తువు మీ పేరుతో ఉంది, బిల్లు మీ డీలర్‌ది, బిగించిన చేయి మీ డీలర్ షాపులోది. బయటి ఎలక్ట్రీషియన్ సరిచేస్తానంటే మీ మాట విని నేనే ఆపాను. కొత్త వైరింగ్‌కు, కూలికి కలిపి రూ.7,900 అయింది. బండి లేకుండా నా పని నడవదు కాబట్టి మా ఇంటావిడ మహిళా సంఘంలో తెచ్చిన అప్పుతో మార్చి 14న కట్టి బండి తెచ్చుకున్నాను. అది నేను ఒప్పుకుని కట్టిన డబ్బు కాదు. రసీదు మీద ఆ మాట రాసే సంతకం పెట్టాను.

స్కూటర్‌కు ఛార్జింగ్ పోర్టు పెట్టడమే తప్పు అని మీవాళ్ళు ఒకరు అన్నారు. అది నిజం కాదు. ఐదు వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లు ఇచ్చే పోర్టు బ్యాటరీ వైపు నుంచి లాగేది ఒక ఆంపియర్ దరిదాపుల్లోనే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపు హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటోంది. ఆ భారం మోసే బండికి ఇదొక లెక్క కాదు. పది రూపాయలకు దొరికే ఐదు ఆంపియర్ల ఫ్యూజు ఆ వైరుకు ఉంటే ఆ సాయంత్రం ఫ్యూజు పోయేది, ఫోను ఛార్జింగ్ ఆగేది, నేను పెద్దమ్మ ఇంటికి వేళకు చేరేవాణ్ణి.

నేను కట్టిన రూ.7,900, బ్యాటరీకి తీసుకున్న రూ.1,480 నాకు తిరిగి ఇవ్వాలి. కొత్తగా ఉచితంగా పోర్టు ఇచ్చి, ఫ్యూజుతో, తాళం లైనుకు, హ్యాండిల్ దగ్గర రాసుకోకుండా సరిగ్గా బిగించాలి. రిపోర్టులోని "బయటి వైరింగ్" అన్న మాట కొట్టేసి, ఎలక్ట్రికల్ భాగాల వారంటీ కొనసాగుతుందని రాతపూర్వకంగా ఇవ్వాలి. పెద్దమ్మకు జరిగిన నష్టాన్ని మీ ముందు రూపాయల్లో పెట్టడం నాకు చేతకావడం లేదు, అది అడగడం లేదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. అదే దసరా రోజుల్లో అదే షోరూమ్‌లో ఈ పోర్టు పెట్టించుకున్న బండ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. రాత్రిపూట వాకిళ్ళలో ఆ నీలం లైటు నాకు కనబడుతూనే ఉంది. ఒక ఆశా కార్యకర్త బండికి, ఒక టీచరమ్మ బండికి నేనే స్వయంగా చెప్పి వైరు తీయించాను. టీచరమ్మ రోజూ పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకుని బడికి వెళ్తుంది. సరిగ్గా నా బండిలో పొగ వచ్చిన చోట. మిగతావాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో నాకు తెలియదు. డీలర్ బిల్లు పుస్తకంలో వాళ్ళందరి నంబర్లూ ఉంటాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, బండి పిలిపించి, ఆ వైరు చూడండి. నా డబ్బు సంగతికి పది రోజులు పట్టినా ఆగుతాను, ఈ పని మాత్రం ఈ వారంలో మొదలుపెట్టండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా ప్రాంతానికి చెందిన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నేనుండే చోటు ఏ కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే కేసు వేసుకోవచ్చనీ, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదనీ తెలుసుకున్నాను. అంతదాకా రాకూడదనే నా కోరిక. పొద్దున్నే లేచి రైతుల దగ్గరికి వెళ్ళాల్సినవాణ్ణి, కోర్టు మెట్ల దగ్గర నిలబడే తీరిక లేదు.

బండి బిల్లు, నవంబర్ జాబ్ కార్డు, ఎలక్ట్రీషియన్ రాసిన కాగితం, ఫిబ్రవరి 6, మార్చి 14 రసీదులు, కాలిన వైరింగ్ ఫోటోలు ఆరు, సీలు విప్పని ఫ్యూజు కవరు ఫోటో దీంతో జతచేస్తున్నాను. ఫ్యూజు కవరు నా దగ్గరే ఉంది. మీ మనిషి వస్తే చూపిస్తాను, ఇవ్వను.

ఫోన్ చేసేవారు సాయంత్రం ఏడు తర్వాత చేయండి. పగలు ఛార్జింగ్ రైతుల ఫోన్ల కోసం దాచుకుంటున్నాను.

ఇట్లు,
మీ స్కూటర్ కొనుగోలుదారు,
గోపాలమిత్ర, తుంగతుర్తి మండలం