వచ్చే పదో తారీఖు లోపే పిటిషన్ వెయ్యి, నేస్తం

నేస్తం,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. విడాకులయ్యాక అతను నీకు నెలనెలా ఇవ్వాలని కోర్టు చెప్పిన మనోవర్తి పద్నాలుగు నెలలుగా ఒక్క రూపాయి రాలేదని ఎంత మామూలుగా చెప్పావే, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని చెప్పినట్టు. ఫోన్‌లో చెబుదామంటే గుణుపురంలో మీ ఇంట్లో నలుగురూ వింటూ ఉంటారు, నువ్వు ఊఁ ఊఁ అంటావు తప్ప ఒక్కటీ అడగవు. అందుకే రాస్తున్నాను. పిల్లాణ్ణి బడికి పంపాక తీరిగ్గా చదువు.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నీకు ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు. నాకు నెలకు 6,000 మనోవర్తి ఇమ్మని ఆర్డరు వచ్చింది కదా, మా ఆయన నాలుగు నెలలు ఇచ్చి ఆపేశాడు. అప్పటి మా ప్లీడరు గారి దగ్గరికి వెళ్తే, నెలనెలా తిరగడం ఎందుకమ్మా, కొంత పోగవనీ, అంతా కలిపి ఒకేసారి వేద్దాం అన్నారు. పెద్దాయన మాట, నేను నమ్మాను. అలా పదిహేడు నెలలు పోగయ్యాయి, లక్షా రెండు వేలు. తీరా వేసే రోజున తెలిసింది, బకాయి పడిన నాటి నుంచి ఏడాది లోపు అడిగిన డబ్బుకే వారెంటు ఇస్తారని. నాకు మొదటి అయిదు నెలలు, 30 వేలు, వారెంటులోకి రాలేదు. ఆ రోజు కోర్టు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. మా అమ్మ పక్కన నిలబడి నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుంది, ఒక్క మాటా అనలేదు.

నీకు నెలకు అయిదు వేలు. పద్నాలుగు నెలలంటే 70 వేలు, అందులో మొదటి రెండు నెలలు ఇప్పటికే ఏడాది దాటాయి. వచ్చే పదో తారీఖు దాటితే మూడోది కూడా దాటుతుంది. నువ్వు ఆగిన ప్రతి నెలకీ వెనక ఒక నెల జారిపోతుంది, అర్థమైందా? అలాగని ఆ పది వేలు పోయినట్టే అనుకోకు. పోయేది వారెంటు దారి, బాకీ కాదు. పూంగొడి అనే ఆవిడ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ఏడాది దాటినా మామూలు సివిల్ దారిలో వసూలు చేసుకోవచ్చని. నా 30 వేల కోసం నేను ఇప్పుడు ఆ దారిలోనే తిరుగుతున్నాను. ఆలస్యం అవుతుంది, అంతే.

విడాకులయ్యాక ఇంకేం హక్కుందని మీ చిన్నాన్న అన్నారన్నావు. ఆయన మీద నాకు గౌరవమే గానీ ఆ మాట తప్పు. మనోవర్తి సెక్షన్‌లో భార్య అంటే విడాకులు పుచ్చుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోని ఆడది కూడా అని చట్టమే రాసింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144. అందరూ ఇంకా 125 కేసనే అంటారు, నంబరు చూసి కంగారు పడకు.

ఇక నీ అసలు భయం, అతను విశాఖపట్నంలో ఉన్నాడు, మన ఒడిశా ఆర్డరు అక్కడ చెల్లదని. ఈ మాట నాకూ ఎంతమంది చెప్పారో! మా పర్లాకిమిడి వాళ్ళకి పాతపట్నంలో అడుగు పెడితే ఆంధ్రా, సంతకీ పెళ్ళికీ రోజూ దాటతాం, కోర్టు కాగితం దగ్గరికొచ్చేసరికి మాత్రం అది పరాయి దేశంలా మాట్లాడతారు. మనోవర్తి ఆర్డరు ఇచ్చిన కోర్టులోనూ వెయ్యొచ్చు, అతను ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు చేత కూడా అమలు చేయించొచ్చు, కొత్త చట్టంలో 147 చూడు. మనిషి అతనేనని, డబ్బు కట్టలేదని అక్కడి మేజిస్ట్రేటుకి నమ్మకం కలిగితే చాలు. ఆ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది, ఆర్డరు కాపీ నీకు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని. నేను నా కేసు మన దగ్గరే వేశాను, వారెంటు విశాఖ వెళ్ళింది. కొంచెం నానింది, ఆ స్టేషన్‌కి రెండుసార్లు మా తమ్ముణ్ణి పంపాల్సి వచ్చింది. కానీ వెళ్ళింది.

వారెంటు అంటే జైలే అనుకుంటున్నావు. ముందు జరిమానా వసూలు చేసినట్టు అతని సామాన్లు జప్తు చేసైనా వసూలు చెయ్యమంటారు. అప్పటికీ కట్టకపోతే, బకాయి పడ్డ నెలకు ఒక నెల దాకా జైలు, మధ్యలో కట్టేస్తే వదిలేస్తారు. జైలుకెళ్ళి వస్తే బాకీ తీరిపోతుందని వాళ్ళన్నయ్య నీతో అన్నాడట, తీరదు. కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి 30 ఏళ్ళ పైనే అయింది, జైలు కట్టించడానికే గానీ కట్టడానికి బదులు కాదని. పిల్లాడి తండ్రిని జైల్లో పెట్టించానన్న మాట పడతానేమోనని నువ్వు వణికిపోతున్నావు, నాకు తెలుసు. నేనూ వణికాను. మా ఆయన స్టేషన్ నుంచి కబురు రాగానే 40 వేలు తెచ్చి కట్టాడు, మిగతాది మూడు వాయిదాల్లో ఇచ్చాడు. అంటే డబ్బు ఉంది నేస్తం, అన్నాళ్ళూ ఉంది. మనం అడగం అనుకున్నాడు, అంతే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది, నీ ఆర్డరు తీసి ఏ చట్టం కింద ఇచ్చారో చూడు. 125 కింద అయితే పైన చెప్పిందంతా వర్తిస్తుంది. విడాకుల డిక్రీలోనే హిందూ వివాహ చట్టం 25 కింద భరణం రాసి ఉంటే దారి వేరు, దానికి ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే డిక్రీని అమలు చేయించమనే పిటిషన్ వెయ్యాలి, కోర్టు దగ్గర అందరూ ఈపీ అంటారు. అందులో ఏడాది గొడవ లేదు, ఎగ్గొట్టిన ప్రతి నెలకీ అప్పటి నుంచి 12 ఏళ్ళ గడువు. అతని ఉద్యోగం విశాఖలో కాబట్టి డిక్రీని అక్కడి కోర్టుకి బదిలీ చేయించుకోవచ్చు. అందులో జీతం అటాచ్‌మెంట్, అంటే జీతం నుంచే పట్టుకోవడం ఉంది చూశావా, అది మనలాంటి వాళ్ళకి పెద్ద ఆసరా. మామూలు అప్పుకైతే జీతంలో కొద్ది భాగమే పట్టనిస్తారు, మనోవర్తి డిక్రీకి మాత్రం మూడో వంతు అతనికి వదిలి మిగతా రెండు వంతుల దాకా పట్టొచ్చు. కంపెనీ వాళ్ళే నెలనెలా కోసి కోర్టుకి పంపుతారు. 125 ఆర్డరునైనా ఇలా డబ్బు డిక్రీలా అమలు చెయ్యొచ్చని 2020 నవంబరులో రజనీశ్, నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మీ లాయరుకి ఆ పేరు చెప్పు.

ఉద్యోగం పోయిందని అతను అంటున్నాడు కదా. నిజంగా పోతే ఆర్డరు తగ్గించమని అతనే కోర్టుకి వెళ్ళాలి. కోర్టు మార్చేదాకా అయిదు వేలు అయిదు వేలే. ఫోన్‌లో నీతో చెప్పుకుంటే తగ్గదు.

లాయరుకి డబ్బు లేదని ఆగకు. ఆడవాళ్ళకి సంపాదన ఎంతున్నా సరే ఉచితంగా లాయరుని పెడతారు, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంటుంది, లేదా 15100కి ఫోన్ చెయ్యి. నాకు రెండోసారి వాళ్ళిచ్చిన లాయరమ్మే, ఆవిడే నా కేసు నడిపించింది.

అతను మనిషిని పంపి 25 వేలు చేతిలో పెట్టి, ఇంకేం బాకీ లేదని సంతకం పెట్టమంటే పెట్టకు. ఈ మాట మాత్రం మర్చిపోకు. ఇచ్చేది నీ బ్యాంకు ఖాతాలో వెయ్యమను. నా పాస్‌బుక్కే నాకు సాక్ష్యం అయింది, ఏ నెల వచ్చిందో ఏ నెల రాలేదో అందులో కనిపిస్తుంది.

సోమవారం పొద్దున్న రైలుకి ఇటొచ్చెయ్, మా ఇంట్లో ఉండి మంగళవారం లాయరమ్మని కలుద్దాం. ఆర్డరు కాపీ, పాస్‌బుక్, ఆధార్ తెచ్చుకో. అతని ఇప్పటి చిరునామా, కంపెనీ పేరు, జీతం పడే బ్యాంకు, బండి నంబరు, వాళ్ళ ఊళ్ళో అతని పేర ఉన్న భూమి, ఏది తెలిస్తే అది ఒక కాగితం మీద రాసి తే. పనసపొట్టు కూర నీకిష్టమని అమ్మ చేస్తానంటోంది. పిల్లాణ్ణి కూడా తీసుకురా, మా వాడితో ఆడుకుంటాడు.

నీ నేస్తం