పాత పేరుతో వేరే పొగాకు అమ్మడం గురించి ఫిర్యాదు

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ ఇంగ్లిష్ మిక్స్చర్ పైపు పొగాకులో ఆకు మార్చి, ఆ సంగతి డబ్బా మీద రాయకపోవడం.

అయ్యా,

మీ ఇంగ్లిష్ మిక్స్చర్ 50 గ్రాముల డబ్బా నేను ఏళ్ళ తరబడి కొంటున్నాను. ఈ ఏడాది వచ్చిన డబ్బాల్లో ఉన్నది ఆ పొగాకు కాదు. పేరు అదే, డబ్బా రంగు అదే, "లటాకియా కలిసిన సంప్రదాయ మిశ్రమం" అన్న మాటా అదే. ధర పెరిగింది. మూత తీస్తే మాత్రం వెనిలా వాసన గుప్పుమంటోంది. ప్యాకింగ్ హైదరాబాదులో అని డబ్బా మీద ఉంది కాబట్టి మీకు తెలుగులోనే రాస్తున్నాను.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. "పంటను బట్టి రుచి కొంచెం మారుతుంది సార్" అన్నారు. ఆ జవాబు ఎందుకు చెల్లదో వివరంగా రాస్తాను. దయచేసి ఈ ఉత్తరాన్ని ఆకు గురించి తెలిసినవాళ్ళకు చూపించండి.

ఇంగ్లిష్ మిక్స్చర్ అంటే ముఖ్యంగా మూడు రకాల ఆకు. మొదటిది వర్జీనియా. తెలుగువాళ్ళకు ఇది పరాయి ఆకు కాదు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో, పశ్చిమ గోదావరి మెట్టలో బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) దగ్గర పెరిగినవాళ్ళకు ఆ వాసన పుట్టుకతో తెలుసు. గొట్టాల వేడితో ఆకును పసుపు రంగుకు తెచ్చి, అందులోని పిండిపదార్థం చక్కెరగా మారాక తేమ లాగేస్తారు. అందుకే దాని తీపి ఆకులోనే నిలిచిపోతుంది. పైపులో కాలిస్తే ఎండుగడ్డి వాసన, కాస్త పులుపు, వెనక సన్నటి తీపి.

రెండోది ఓరియంటల్. టర్కీ, గ్రీసు, మాసిడోనియా వైపు పండే చిన్న ఆకు, ఎండలో ఆరబెట్టేది. తీపి తక్కువ, పరిమళం ఎక్కువ. నోట్లో పొడిగా, కొంచెం వగరుగా తగులుతుంది.

ఇక లటాకియా. సిరియాలోని రేవు పట్టణం పేరు అది, కానీ చాలాకాలంగా ఆ ఆకు ఎక్కువగా సైప్రస్ నుంచే వస్తోంది. ఎండలో ఆరిన ఆకును మూసిన కొట్టంలో వేలాడదీసి, సువాసన ఉన్న కట్టెలూ కొమ్మలూ రగిల్చి వారాల తరబడి పొగ పెడతారు. ఆకు నల్లగా మారి, కొట్టం పొగనంతా తనలో నింపుకుంటుంది. ఈ మిశ్రమంలో లటాకియా మన ఇంగువ లాంటిది. కాస్త ఎక్కువైతే మిగతావాటిని మింగేస్తుంది, అసలు వేయకపోతే ఆ వంటకానికి ఆ పేరే చెల్లదు.

మీ పాత మిశ్రమంలో ఈ మూడింటి పొందిక నిజంగా గొప్పగా ఉండేది. ముట్టించగానే ముందు వర్జీనియా పులుపు వచ్చేది. పైపు గిన్నెలో ఆకు సగానికి వచ్చేసరికి లటాకియా పొగవాసన పైకి తేలి, దాని కింద ఓరియంటల్ వగరు వినిపించీ వినిపించనట్టు ఉండేది. అడుగుకు వచ్చాక మూడూ కలిసి చిక్కబడేవి, చేదెక్కేవి కావు. నెమ్మదిగా పీల్చేవాడికి ప్రతి గిన్నెలోనూ ఈ మార్పు తెలిసేది. దాన్ని కలిపినవాళ్ళెవరో నాకు తెలియదు గానీ, వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలి.

ఇప్పటి డబ్బాలో నల్ల ముక్కలు ఉన్నాయి. చూడగానే లటాకియా అనిపిస్తాయి. ఒక్కో ముక్కా వేరుచేసి వాసన చూశాను, విడిగా కాల్చి చూశాను. పొగవాసన లేదు. మెత్తగా, తియ్యగా ఉన్నాయి. అది బ్లాక్ కావెండిష్, అంటే ఆవిరి పట్టి, ఒత్తిడి పెట్టి నల్లబరిచిన ఆకు. కావెండిష్ చెడ్డదని నేను అనను. తీపి పొగాకు ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకోసం మీరు వేరే డబ్బాలు అమ్ముతూనే ఉన్నారు కదా. లటాకియా స్థానంలో దాన్ని పెట్టి, రంగు సరిపోయింది కదా అని ఊరుకోవడమే తప్పు. గోధుమరంగు ముక్కల్లో బర్లీ అనే పొగాకు రకం కూడా ఎక్కువగా కనిపిస్తోంది. బర్లీని గాలికి ఆరబెడతారు. దానికి సొంత చక్కెర దాదాపు ఉండదు, కాబట్టి పైన ఏ ఫ్లేవర్ పోస్తే అది పీల్చుకుంటుంది. మీరు పోసింది వెనిలా.

హెల్ప్‌లైన్ వాళ్ళు చెప్పిన పంట మాట ఇక్కడే వీగిపోతుంది. వానలు సరిగా లేకపోతే వర్జీనియా తీపి తగ్గవచ్చు, ఓరియంటల్ ఘాటు మారవచ్చు. పంట తేడా వల్ల పొగ పెట్టిన ఆకు మాయమైపోదు. ఏ పొలంలోనూ వెనిలా పూసిన పొగాకు పండదు.

తేమ సంగతి కూడా చెప్పాలి. పాత పొగాకును కాగితం మీద కాసేపు పరిస్తే కాల్చడానికి సిద్ధమయ్యేది. ఇది రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచినా జిగటగానే ఉంటోంది. ఆకు ఆరకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటిది కలిపినప్పుడే ఇలా ఉంటుందని నా అనుమానం. కలిపారో లేదో మీరే చెప్పాలి. తడి ఆకు కాల్చితే వచ్చేది సగం ఆవిరి. నాలుక చురుక్కుమంటుంది, పైపు అడుగున నీరు చేరి గుడగుడలాడుతుంది, పదే పదే అగ్గిపుల్ల గీయాలి. మాది సముద్రం పక్క ఊరు. వానాకాలంలో గోపాల్‌పూర్ గాలికి ఉప్పే నీరు కారుతుంది, ఇక ఈ పొగాకు ఎక్కడ ఆరుతుంది?

దీనివల్ల నా పైపు కూడా పాడైంది. అది బ్రయర్ అనే పొద వేరు చెక్కతో చేసింది, ఆ చెక్క దేని వాసననైనా పట్టేస్తుంది, త్వరగా వదలదు. లటాకియాకే అలవాటు పడిన పైపులో ఇప్పుడు వేరే మంచి పొగాకు వేసినా వెనిలాయే పలుకుతోంది.

మా ఊళ్ళో పైపు కాల్చేవాళ్ళం తక్కువే. కానీ ఆకు తెలిసినవాళ్ళు తక్కువ కాదు. చుట్ట కాల్చే తెలుగు ఇళ్ళలో గోదావరి లంకల్లో పండే లంక పొగాకుకూ మామూలు ఆకుకూ తేడా వాసనతోనే చెప్పేస్తారు. పికా (ఒడియావాళ్ళ చుట్ట) చుట్టుకునే పెద్దలూ అంతే, ఆకు చేత్తో నలిపి చూశాకే కొంటారు. సీలు వేసిన డబ్బా కొనే నాకు ఆ అవకాశం లేదు. డబ్బా మీది మాటే నాకు ఆధారం. ఆంధ్రాలో రైతు పొగాకు బోర్డు వేలం కేంద్రానికి బేళ్ళు తెస్తే, గ్రేడు తేడా కనబడితే ధర పడిపోతుంది, లేదా బేలు వెనక్కి పోతుంది. రైతుకు ఉన్న ఆ నియమం కంపెనీకి ఎందుకు ఉండకూడదు?

పొగాకు ఆరోగ్యానికి హానికరం. డబ్బా మీద 85 శాతం జాగాలో ఆ హెచ్చరిక ఉంది, ఉండాల్సిందే. పిల్లలకు అలవాటు చేయమని నేను ఎవరికీ చెప్పను. కానీ హాని ఉన్న వస్తువు విషయంలో అందులో ఏం కలిపారో చెప్పే బాధ్యత ఇంకా పెరుగుతుంది.

కాబట్టి నేను అడిగేవి ఇవి. ఈ మిశ్రమంలో ఇప్పుడు ఏయే ఆకులు ఉన్నాయో, ఏ ఫ్లేవర్లు, తేమ పదార్థాలు కలిపారో రాతపూర్వకంగా తెలియజేయండి. లటాకియా దొరకడం లేదంటే, ఖర్చు ఎక్కువైందంటే ఆ మాటే చెప్పండి, నేను అర్థం చేసుకుంటాను. అప్పుడు ఈ మిశ్రమానికి వేరే పేరు పెట్టి అమ్మండి, "లటాకియా" అన్న మాట తీసేయండి. బిల్లులు ఉన్న డబ్బాలకు డబ్బు తిరిగి ఇవ్వండి. అమ్మిన కొట్టతను మీ డబ్బా నమ్మి అమ్మాడు, ఆ సొమ్ము అతని దగ్గర కోయకండి. పాత మిశ్రమం నిల్వ ఎక్కడైనా మిగిలి ఉంటే కొనడానికి నేను సిద్ధం.

వస్తువు నాణ్యత, స్వచ్ఛత గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నాకు ఇచ్చింది. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే నేను ఉంటున్న గంజాం జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లుల నకళ్ళు, డబ్బా లేబుల్ ఫొటోలు, రెండు చిన్న పొట్లాలు జత చేస్తున్నాను. ఒక పొట్లంలో పాత డబ్బా అడుగున మిగిలిన ఆకు, ఇంకోదాంట్లో ఇప్పటిది ఉన్నాయి. పాతది నా దగ్గర ఇక లేదు. పరీక్ష అయ్యాక మిగిలింది తిరిగి పంపగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు