గేర్‌బాక్స్ విరిగితే ఇంకా గట్టి స్టీలే మందా?

సంపాదకుడి గారికి,

మీ పేపర్లో రోబో పోటీల వార్తలు వచ్చినప్పుడల్లా గెలిచిన టీమ్ ఫోటో, కప్పు, అంతే. ఓడిపోయిన రోబో గురించైతే "సాంకేతిక లోపంతో ఆగిపోయింది" అని ఒక్క లైన్ రాసేస్తారు. ఆ సాంకేతిక లోపం చాలాసార్లు గేర్‌బాక్సే (మోటార్ వేగం తగ్గించి బలం పెంచే పళ్ల చక్రాల డబ్బా) అండి, దాని గురించి ఎవరూ రాయరు కాబట్టి పిల్లలు కూడా విరిగింది పారేసి అదే కొత్తది కొనుక్కుంటారు, మళ్లీ అక్కడే విరుగుతుంది. లేదంటే ఎవరో చెప్పారని దొరికిన వాటిల్లో అన్నిటికంటే గట్టి స్టీల్ తెచ్చి గేర్ కోయిస్తారు. నాకు ఒళ్లు మండేది ఈ రెండో దాని గురించే.

గట్టిదనం వేరు, దెబ్బ తట్టుకోవడం వేరు. ఫుల్లుగా హార్డెన్ చేసిన (బాగా వేడిచేసి చటుక్కున చల్లార్చి గట్టిపరిచిన) గేర్ పన్ను అరగదు, నిజమే, కానీ రోబో ఫుల్ స్పీడులో వెళ్లి గోడకో అవతలి రోబోకో గుద్దుకున్నప్పుడు సుద్దముక్కలా టపీమని ఊడుతుంది. ఆ టైంలో చక్రం ఆగిపోతుంది కానీ మోటార్ లోపలి రోటర్ ఇంకా తిరగాలనే చూస్తుంది, ఆ ఊపంతా పళ్ల మీదే పడుతుంది. గేర్ రేషియో 64 అనుకోండి, అంటే మోటార్ 64 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది, చక్రం వైపు నుంచి చూస్తే ఆ చిన్న రోటర్ జడత్వం 64 ఇంటూ 64, అంటే 4096 రెట్లు. అందుకే పైన గట్టిగా లోపల మెత్తగా ఉండే కేస్ హార్డెనింగ్ చేయిస్తారు, లేదా ఈఎన్24 లాంటి స్టీల్‌ని హార్డెన్ చేశాక టెంపర్ చేసి (మళ్లీ తక్కువ వేడి పెట్టి) కొంచెం గట్టిదనం వదులుకుంటారు. ఆ వదులుకోవడమే చాలామందికి మింగుడుపడదు.

అసలు ముందు చూడాల్సింది ఏది విరిగింది, ఎలా విరిగింది అని. ఫైటింగ్ రోబోల్లో చాలామంది కార్డ్‌లెస్ డ్రిల్ గేర్‌బాక్సులు వాడతారు కదా, అవి ప్లానెటరీవి, మధ్యలో సన్ గేర్, దాని చుట్టూ ప్లానెట్లు అనే చిన్న గేర్లు, బయట లోపలివైపు పళ్లున్న రింగ్. ఇలాంటి సెట్టు ఒక్కొక్కటీ ఒక స్టేజ్. ఒక్కో స్టేజ్ 4 రెట్లు తగ్గిస్తే మూడో స్టేజ్ దాటేసరికి టార్క్ 64 రెట్లు (రాపిడికి పోయేది పోగా), కాబట్టి దెబ్బ తినేది చివరి స్టేజే. మొదటి స్టేజ్ గేర్లు మార్చి డబ్బులు తగలేయడం దండగ. చివరి స్టేజ్‌లో కూడా చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి, ప్లానెట్లు తిరిగే పిన్నులు వంగి, వాటిని పట్టుకునే క్యారియర్ ప్లేటులోంచి లూజవుతాయి, పిన్ను వాలాక ప్లానెట్ వంకరగా తిరిగి పన్ను అంచు మీదే బరువంతా పడి అప్పుడు పళ్లు ఊడతాయి. చూసినవాళ్లు గేర్ పోయింది అంటారు, పోయింది పిన్ను!

దానికి మందు గేర్ కాదు, క్యారియర్. చవకరకం వాటిల్లో పిన్నుకి ఒక వైపే పట్టు ఉంటుంది, రెండో వైపు కూడా ఒక ప్లేట్ పెట్టి రెండు కొసలూ పట్టిస్తే చాలా తేడా వస్తుంది, చోటుంటేనే అనుకోండి. పిన్ను 3 మిల్లీమీటర్లది 4 చేస్తే వంగకుండా ఓర్చుకునే శక్తి రెండింతలు దాటుతుంది, కానీ ప్లానెట్ బొక్క పెద్దదై పన్ను మొదటికీ బొక్కకీ మధ్య గోడ పల్చనవుతుంది, అది చూసుకోవాలి. పిన్నులకైతే రెడీమేడ్‌గా హార్డెన్ చేసిన డోవెల్ పిన్నులు దొరుకుతాయి, లేత్ మీద తిప్పి కష్టపడక్కర్లేదు.

నిజంగా గేరే చేయించాల్సి వస్తే కొలత దగ్గర జాగ్రత్త. పళ్ల సంఖ్యకి 2 కలిపి, దాంతో బయటి వ్యాసాన్ని భాగిస్తే మాడ్యూల్ (మిల్లీమీటర్లలో పన్ను సైజు చెప్పే అంకె) వస్తుంది, 18 పళ్ల గేర్ 16 మిల్లీమీటర్లుంటే 0.8. కానీ అదే 15.875 వచ్చిందంటే అది అంగుళాల లెక్కలో 32 పిచ్ (అంగుళం వ్యాసానికి 32 పళ్లు) గేర్, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కలిపి తిప్పితే సాఫీగా నడవవు. పళ్లు మరీ తక్కువున్న సన్ గేర్లకి ఈ లెక్క కుదరకపోవచ్చు కూడా, పన్ను మొదట్లో సన్నబడకుండా ప్రొఫైల్ (పన్ను ఆకారం) కొంచెం బయటికి జరిపి కోస్తారు. హీట్ ట్రీట్‌మెంట్‌లో పార్ట్ కొంచెం వంకర తిరుగుతుంది కాబట్టి ముందు హార్డెన్ చేయించి తర్వాత వైర్‌కట్‌లో (సన్న తీగ నుంచి వచ్చే కరెంటు స్పార్కులతో లోహాన్ని కోసే మెషిన్) పళ్లు కోయించుకోవడం చిన్న టీములకి తేలిక, ఫినిషింగ్ కట్ (నున్నగా చేసే చివరి కోత) మాత్రం అడిగి చేయించుకోవాలి, లేకపోతే గరుకు ఉపరితలం దగ్గరే పగులు మొదలవుతుంది. కేస్ హార్డెనింగ్‌కి ఈ పద్ధతి పనికిరాదు, పైన ఉన్న గట్టి పొరనే కోసేస్తుంది.

గేర్‌బాక్సులు అమ్మేవాళ్లకి ఒక మాట మీ పేపర్ ద్వారా చెప్పండి. క్యారియర్, ప్లానెట్లు విడిగా అమ్మండి, మాడ్యూల్, పళ్ల సంఖ్య, పిన్ను సైజు డబ్బా మీద వేయండి, పెద్ద రహస్యమేం కాదు, కాలిపర్ ఉన్నవాడు ఎలాగూ కొలుచుకుంటాడు. మీరు కూడా ఈసారి రోబో పోటీ వార్త రాసేటప్పుడు ఓడిన టీమ్‌ని ఏ పార్ట్ పోయిందో అడిగి అది కూడా రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు