బెయిలొచ్చిన రోజే చదువు ఆగిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

ఖైదీల చదువు అనగానే శిక్ష పడ్డవాళ్లే గుర్తొస్తారు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. తిరుపతి సబ్‌జైలు, చిత్తూరు జిల్లా జైలు లాంటి చోట్ల బెయిలెప్పుడొస్తుందో, కడపకో నెల్లూరుకో ఎప్పుడు మారుస్తారో తెలియని మనిషికి రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు ఎలా పూర్తవుతుంది?

డిగ్రీ సంగతే చూడండి. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఖైదీలకు ఫీజు మినహాయింపు ఇస్తోంది. అయినా అడ్డం పడుతున్నది ఓటీపీ. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) కావాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు దాచే ఖాతా నంబరు). రెండూ ఆధార్‌కున్న ఫోను నంబరుతో ముడిపడ్డవే. ఆ ఫోను కేసులో సీజై ఉంటుంది, లేదా రీచార్జి లేక సిమ్ పోయుంటుంది. ఆధార్ కిట్టును నెలకోసారి జైలుకే తెచ్చి, ఖైదీ ఒప్పుకుంటే ఇంటివాళ్ల నంబరు ఎక్కించాలి. అది నమోదు కావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, దరఖాస్తు ఇంటివాళ్లు ఫోనుతో వచ్చే ఆ తర్వాతి ములాఖత్ రోజున పెట్టాలి. ప్రవేశాలు జనవరి, జులై విడతలకే. గడువు తప్పితే ఆరు నెలలు పోయినట్టే.

ఇక పని నేర్పడం. మన రెండు జిల్లాలకూ అక్కరకొచ్చేది సబ్‌మెర్సిబుల్ మోటారు రివైండింగ్, అంటే బోరులో దించే మోటారు కాలితే పాత తీగ తీసి కొత్తది చుట్టడం. వెయ్యి అడుగుల బోర్లు, లోవోల్టేజీ, ఒక ఫేజు పోవడం... వేసవిలో షాపుల ముందు కాలిన మోటార్లు వరస కడతాయి. పాత వైండింగ్ తీసేముందు చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి రాసుకోవాలి. చుట్టడం త్వరగానే పట్టుబడుతుంది. చెడేది వైర్లు కలిపే జాయింటు దగ్గర. మోటారు లోపలంతా నీళ్లే కాబట్టి టేపు సందులో చెమ్మ దూరితే కొద్ది రోజుల్లోనే కాలిపోతుంది. అందుకే రాత్రంతా తొట్టిలో నానబెట్టి, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ గట్టిదనం కొలిచే మీటరు) పెట్టి చూడాలి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపితే మళ్లీ విప్పాల్సిందే. మెగ్గర్ లేకుండా నేర్పితే సగం పని నేర్పినట్టే.

దీన్ని నెల నెల ముక్కలుగా నేర్పవచ్చు: విప్పి కొలవడం, చుట్టడం, జాయింటు వేసి పరీక్షించడం. ఏ ముక్క పూర్తయితే దానికి అప్పుడే సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో జైలు పేరు ఉండకూడదు. పనిముట్లు పోతాయన్న భయంతో వర్క్‌షాపుకు తాళం వేయక్కర్లేదు. చెక్కమీద ప్రతి పనిముట్టు ఆకారమూ గీసి తగిలిస్తే, సాయంత్రం ఏది తిరిగి రాలేదో చూడగానే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం విడుదల రోజు. ఇగ్నో కోర్సుల్లో ఎక్కువవాటికి అసైన్‌మెంట్లకే 30 శాతం మార్కులు. బెయిలొచ్చినవాడి పుస్తకాలు బ్యారక్‌లోనే ఉండిపోతాయి, స్టడీ సెంటర్ జైలు పేరు మీదే ఉంటుంది, అసైన్‌మెంట్లు ఎవరికివ్వాలో తెలియదు. గేటు దగ్గర బట్టలూ డబ్బులూ అప్పగించేటప్పుడే పుస్తకాలు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, మార్కుల వివరాలు, బయటి సెంటరుకు మార్చమనే దరఖాస్తు నింపి చేతిలో పెట్టాలి.

— ఐటీఐ, దూరవిద్య బోధకులు కొందరు, తిరుపతి