జాడీ గురించి వాదించే ముందు

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ కవి వాలెస్ స్టీవెన్స్ రాసిన జాడీ పద్యం (Anecdote of the Jar) మీద మీ సాహిత్య పేజీలో ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. కళ గొప్పతనాన్ని చాటే పద్యమని ఒకరు, అమెరికా సామ్రాజ్యవాదానికి చురక అని ఇంకొకరు. ఇద్దరూ గట్టిగానే రాశారు. పద్యం మాత్రం ఇప్పటిదాకా మీ పేజీలో కనపడలేదు. ఉన్నవి పన్నెండు లైన్లే కదండీ!

టెనెసీలో ఒక కొండ మీద గుండ్రటి జాడీ పెట్టానంటాడు కవి. చిందరవందరగా ఉన్న అడవి దానివైపు లేచి వస్తుంది, చుట్టూ చతికిలబడుతుంది, ఇక అడవిలా ఉండదు. జాడీ ఠీవిగా నిలబడి నలుదిక్కులా పెత్తనం చేస్తుంది. అక్కడితో ఆగితే మొదటి ఉత్తరం వారిదే గెలుపు. కానీ ఆ జాడీ బూడిద రంగులో బోసిగా ఉందట, అందులోంచి ఓ పిట్టా రాలేదు, ఓ పొదా రాలేదట. పొగడదలచినవాడు ఇలా ముగిస్తాడా?

రెండో ఉత్తరం వారిని మరీ తీసిపారేయలేం. వియత్నాం యుద్ధంలో తిరిగిన విలేకరి మైకేల్ హెర్, అక్కడి ఖే సాన్‌లోని అమెరికా సైనిక స్థావరం గురించి రాస్తూ ఈ జాడీనే గుర్తు చేసుకున్నాడు. అయితే జాడీ రాకముందు అడవి చక్కగా ఉందని కవి ఎక్కడా అనలేదే! దాన్ని కూడా కాస్త ఎగతాళిగానే చూశాడు. ఆ మాట వారి ఉత్తరంలో లేదు.

మొన్న మా రాజమండ్రిలో నలుగురం కూర్చుని ఈ పద్యం చదువుకున్నాం. మాలో అటవీ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. కవిత్వం జోలికి పోని మనిషి. ఆయన విని, "సర్వే రాయి పాతడం లాంటిదే ఇది. రాయి పిడికెడే, అది పడ్డాక అడవి లెక్కే వేరు" అన్నారు. పక్కనే ఉన్న తెలుగు మేడమ్ ఒప్పుకోలేదు. సర్వే రాయికి అందం అక్కర్లేదు, జాడీకి గుండ్రదనం ఉంది, కవి దాన్ని కావాలనే చెప్పాడు అని ఆవిడ పట్టు. నా ఓటు ఆవిడకే, కానీ పెద్దాయన మాట ఇంకా తొలుస్తూనే ఉంది.

స్టీవెన్స్ మా వృత్తివాడే. హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు, చివరికి వైస్ ప్రెసిడెంటు. నేనూ జనరల్ ఇన్సూరెన్స్‌లో క్లెయిములు చూసి రిటైరయ్యాను. ఫైల్లో ముందు ఏం జరిగిందో వరసగా రాయాలి, బాధ్యత ఎవరిదన్నది తర్వాత సంగతి. ఈ పద్యం నాకు ఆ మొదటి కాగితంలాగే కనిపిస్తుంది. మన ఉత్తరాలవాళ్లు నేరుగా చివరి కాగితానికి వెళ్లిపోతున్నారు.

అందుకని ఒక విన్నపం. పద్యం 1919లో అచ్చయింది, కవి 1955లో పోయాడు. కవి పోయాక మన చట్టం చెప్పే 60 ఏళ్లు దాటాయి కాబట్టి కాపీరైటు ఇబ్బంది కూడా లేదు. వచ్చే సోమవారం మూలం మొత్తం వేసి, పక్కన తెలుగు చేయించి వేయండి. ఆ తర్వాత వచ్చే ఉత్తరాల్లో, ఏ లైను చూసి ఆ మాట అంటున్నారో చెప్పనివాటిని పక్కన పెట్టేయండి. నాదైనా సరే.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం