ఏ ఆపరేషన్ చేయించుకోవాలో మాకు తెలుగులో ఎవరు చెప్తారు? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి ఇది నా నాలుగో ఉత్తరం అండి. మొదటి మూడూ సోమవారం అర్జీల్లో ఇచ్చాను. రెండోదానికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో తెలుసుకుందామని 1100కి ఫోన్ చేస్తే మళ్ళీ అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాను. మూడోసారి కాగితం తీసుకున్నాయన పైపైన చదివి, ‘బరువు తగ్గడానికి ఆపరేషన్ ఎందుకమ్మా, రాత్రిపూట అన్నం మానిపించండి’ అన్నారు. మా చెల్లి నా పక్కనే నిలబడి ఉంది. అప్పుడు దించిన తల ఇంటికొచ్చేదాకా ఎత్తలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది గోదావరి డెల్టాలో ఒక లంక ఊరు. చెల్లికి 36 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం ఆపరేషన్ నాటికి 104 కేజీలు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 43. షుగర్, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేవడం. రాత్రి అన్నం మానేసి రెండేళ్ళు జొన్నరొట్టెలు తిన్న మనిషి అది. తెల్లారకముందే ఏటిగట్టు మీద నడిచేది. పది కేజీలు తగ్గింది, ఏడాది తిరక్కుండా పన్నెండు పెరిగింది. ఈ సంగతి కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి ఒక్క ముక్కలో ఎలా చెప్పను?

ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తే, అక్కడ కార్డుల పని చూసే వైద్యమిత్ర కంప్యూటర్లో వెతికి, ఈ ఆపరేషన్ రాదన్నారు. అందం కోసం చేయించుకునే వాటి కింద లెక్కట, తన చేతిలో ఏమీ లేదట. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. కానీ అయ్యా, నిద్రలో ఊపిరాడకపోవడం అందానికి సంబంధించిన విషయమా? బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లోనే ఈ ఆపరేషన్‌కి షరతులు రాసింది. డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 దాటాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండె జబ్బో, అదుపులోకి రాని షుగరో, నిద్రలో ఊపిరాడని తీవ్రమైన జబ్బో ఉండి, మిగతా మార్గాలేవీ పని చేయకపోయి ఉండాలి. కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్‌లో కూడా ఈ ఆపరేషన్ ఉంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలైతే మనలాంటి ఆసియా వాళ్ళకి బీఎంఐ 27.5 ఉన్నా ఈ ఆపరేషన్ అందుబాటులో ఉండాలన్నాయి. ఇవన్నీ మీకు నేను చెప్పాల్సినవి కావు.

చివరికి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. నా ఉత్తరం అసలు దీని గురించే. అక్కడ మాతో ముందు మాట్లాడింది డాక్టరు కాదు, ప్యాకేజీలు చెప్పే అమ్మాయి. ఈ ఆపరేషన్‌లో రకాలున్నాయట, స్లీవ్ అయితే 2,80,000, బైపాస్ అయితే 3,60,000 అంది. బైపాస్ అనగానే మా మరిది, చెల్లి భర్త, ముఖం పాలిపోయింది. ‘అది గుండెకి కదండీ చేస్తారు’ అన్నాడు. కాదని ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ‘ఇప్పుడందరూ స్లీవే చేయించుకుంటున్నారు సార్’ అంది ఆ అమ్మాయి. మా చేతిలో మూడు లక్షలే ఉన్నాయి. చెల్లి కడుపులో ఏం కోయాలో నిర్ణయించింది ఆ లెక్కే. చేతికిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చెల్లి తెలుగులో సంతకం పెట్టింది.

మాకు ఆ రోజు తెలియని విషయాలు ఇప్పుడు తెలుసు. స్లీవ్‌లో పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు. సన్నటి గొట్టంలాంటిది మిగులుతుంది. పేగుల జోలికి పోరు. తీసేసిన పొట్ట మళ్ళీ రాదు. బైపాస్‌లో పైన నిమ్మకాయంత సంచి చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. మినీ బైపాస్ అని ఇంకోటుంది, దాన్లో అతుకు ఒకటే. ముందునుంచీ గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్ళకి స్లీవ్ చేస్తే ఆ బాధ ముదరొచ్చు. అలాంటివాళ్ళకి మామూలుగా బైపాస్ వైపే మొగ్గుతారు. మా చెల్లికి ఆ మంట పెళ్ళికి ముందునుంచీ ఉంది! ఆపరేషన్‌కి ముందు ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఎండోస్కోపీ చేయలేదు.

బరువు తగ్గింది. కాదనను. 71 కేజీలకి వచ్చింది, షుగర్ మాత్రలు మానేసింది, మెట్లు ఎక్కుతోంది. మొదటి ఏడాది ఆ ఆపరేషన్ చేసినవాళ్ళకి దణ్ణం పెట్టుకున్నాం. రెండో ఏడు ఆ పాత మంట ముదిరింది. నడుం వాలిస్తే గొంతులోకి నీళ్ళు వస్తాయి, పొలమారుతుంది. రాత్రి మూడు దిండ్లు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంది. ‘అక్కా, పడుకోవడం కోసం ఇంత చేయించుకున్నాను, మళ్ళీ కూర్చునే ఉన్నాను’ అంది ఒకరోజు. వేరే డాక్టరుకి చూపిస్తే అన్నవాహిక ఒరుసుకుపోయిందని, బైపాస్‌గా మార్చాలని అన్నారు. ఫిన్లాండ్‌లో 240 మందిని స్లీవ్, బైపాస్ అని రెండు జట్లుగా చేసి పదేళ్ళు చూశారట. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో, అన్నవాహిక వాపు స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికి కనిపించిందట. ఆ డాక్టరు ఇదంతా తెల్లకాగితం మీద పొట్ట బొమ్మ గీసి, మా మరిదికి అర్థమయ్యేలా పది నిమిషాల్లో చెప్పారు. ఆ పది నిమిషాలు మూడేళ్ళ ముందు దొరికి ఉంటే!

బైపాస్ మంచిది, స్లీవ్ చెడ్డది అని నేను అనడం లేదు. మా వీధిలో రొయ్యల చెరువు దగ్గర పనిచేసే ఒకాయన మినీ బైపాస్ చేయించుకున్నాడు. షుగర్ పోయింది కానీ రక్తం పడిపోయి, కాళ్ళు నీరు పట్టి మంచమెక్కాడు. ఐరన్, బీ12, కాల్షియం జీవితాంతం వేసుకోవాలని, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలని ఆయనకి గట్టిగా చెప్పినవాళ్ళు లేరు. ఇంకో ప్రమాదం చూడండి. బైపాస్ అయినవాళ్ళు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాడకూడదట, అతుకు వేసిన చోట పుండు పడుతుందట. మా ఊళ్ళో ఒళ్ళునొప్పులని వెళ్తే ఆర్‌ఎంపీ ముందు పొడిచేది ఆ ఇంజెక్షనే. చెల్లికి రెండో ఆపరేషన్ అయితే నా భయమంతా దాని గురించే. ఏ ఆపరేషన్ అన్నది మనిషిని బట్టి, ఆ మనిషి జబ్బుల్ని బట్టి, ఆపరేషన్ తర్వాత ఉండే ఊరిని బట్టి తేలాలి. మా దగ్గర డబ్బుని బట్టి తేలుతోంది.

మీ ఏఎన్ఎంలు ఇంటికొస్తారు. బీపీ చూస్తారు, వేలు పొడిచి షుగర్ చూస్తారు, టేపు పెట్టి నడుము కొలిచి రాసుకుంటారు. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువని వాళ్ళే చెప్తారు. మా చెల్లి నడుము ఎన్నిసార్లు కొలిచారో లెక్కలేదు. ఆ అంకె ఎక్కడికి పోతుందండీ? కొలిచిన తర్వాత వెళ్ళడానికి ఒక గది, చెప్పడానికి ఒక డాక్టరు మాకు ఎందుకు లేరు? పంటు ఎక్కి గౌతమి దాటి, రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్తే ఊబకాయానికి వేరే ఓపీ లేదన్నారు. మెడిసిన్ వాళ్ళు సర్జరీకి పంపారు, సర్జరీ వాళ్ళు సాయంత్రం దాకా కూర్చోబెట్టి మెడిసిన్‌కి పంపారు. రోడ్డు మీద మాత్రం ‘కోత లేకుండా బరువు తగ్గండి’ అని, పొట్టలో పెట్టే బెలూన్ గురించి బోర్డులు కనిపిస్తాయి. ఆ బెలూన్ చాలావరకు ఆరు నెలలకే తీసేస్తారని ఆ బోర్డు మీద ఉండదు.

మిమ్మల్ని బతిమాలుతున్నాను. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో వారానికి ఒక్కరోజైనా దీనికోసం ఒక డాక్టరుని కూర్చోబెట్టండి. ఏ రకం ఆపరేషన్ ఎవరికి, దేనిలో ఏం పోతుంది, తర్వాత ఏం వాడాలి, ఏం వాడకూడదు అన్నది తెలుగులో బొమ్మలతో ఒక కాగితం వేయించి, సంతకానికి ముందు ప్రతి ఆసుపత్రీ, ప్రైవేటు సహా, డాక్టరు చేతే చదివించాలని ఆదేశం ఇవ్వండి. అవసరమని డాక్టర్లు తేల్చినవాళ్ళకైనా కార్డు మీద ఆపరేషన్ చేయించండి, ఆ తర్వాతి మాత్రలూ పరీక్షలూ పీహెచ్‌సీలో దొరికేలా చూడండి. ఇవే మూడు అర్జీల్లోనూ రాశాను.

రెండో ఆపరేషన్‌కి తేదీ చెప్పమని ఆ డాక్టరు గారి దగ్గర్నుంచి నిన్న ఫోన్ వచ్చింది. డబ్బు కట్టలేక వారం గడువు అడిగాను. అమ్మ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. చెల్లి ఈ రాత్రి కూడా కూర్చునే పడుకుంది. వచ్చే వారం ఆయనకి ఏం చెప్పమంటారో దయచేసి మీరే చెప్పండి.

ఇట్లు,
గోదావరి లంకల నుంచి ఒక అక్క